వాగు చెరువులో కలిసే చోటు

బిడ్డలారా,

బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు కట్ట మీద నిలబడి "తాతా, చెరువులకు వచ్చిన వాగు మళ్ల ఎటు పోయింది?" అని అడిగారు. బస్సు వేళైందని జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచి ఆ మాటే మనసులో మెదులుతోంది.

వాగు బలమంతా దాని ఉరుకులోనే ఉంది. గుట్టల మీద పడ్డ వాన ఒర్రెల్లోకి దిగుతుంది, ఒర్రెలన్నీ కలిసి వాగవుతాయి. రాళ్లను దొర్లిస్తూ, ఇసుకను ఈడుస్తూ ఎర్రగా వస్తుంది. నిలువ నీళ్లు తగలగానే ఆ ఉరుకు చచ్చిపోతుంది, ఇక బరువు మోయలేదు. ముందు గులకరాళ్లు దించుతుంది, తర్వాత దొడ్డు ఇసుక, ఇంకొంచెం లోపల సన్న ఇసుక. ఒండ్రు మాత్రం చాలా దూరం తేలిపోయి మెల్లగా అడుక్కు దిగుతుంది. గాజు గ్లాసులో గుప్పెడు చెలక మట్టి వేసి, నీళ్లు పోసి బాగా కలిపి రాత్రంతా కదపకుండా పెట్టండి. తెల్లారేసరికి పొరలు మీకే కనబడతాయి.

ఆ కలిసే చోటు కూడా ఒక్క దగ్గర ఉండదు. చెరువు నిండితే నీళ్లు వాగులోకే ఎగదన్నుతాయి. ఎండాకాలం నీళ్లు కట్ట వైపు జరిగినప్పుడు, తాను పోసిన ఒండ్రునే కోసుకుంటూ వాగు శిఖంలోకి, అంటే నీళ్లు తగ్గి తేలిన చెరువు అడుగు నేలలోకి దిగుతుంది.

పూడిక పెరిగితే నీళ్లకు జాగా తగ్గుతుంది. 2015లో చెరువుల పూడిక తీసి బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక ఊరి చెరువు పూడిక మన చెలకలో ట్రాక్టర్లతో పోయించుకున్నాను. చేతిలోకి తీసుకుంటే వెన్నలా జారింది.

ఇక పాకాల. 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టారు. గుట్టల నడుమ వాగు బయటపడే సందు చూసి అక్కడ కట్ట పోశారు. వెనక సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు నిలిచాయి. కట్ట పోసిన చేతులు గొప్పవే, ఆ చోటు కనిపెట్టిన కన్ను ఇంకా గొప్పదని నాకనిపిస్తుంది.

మీరడిగిన వాగు ఎటూ పోలేదు. మట్టిని చెరువుకిచ్చి, తూముల గుండా పొలాలకు పారి, నిండినప్పుడు మత్తడి (అలుగు) దుంకి మున్నేరు అవుతుంది. ఖమ్మం పక్కనుంచి పోయి కృష్ణలో కలుస్తుంది. మన పక్కనే ఉన్న రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు మాత్రం గోదావరి దారి పడతాయి.

ఎండాకాలం సెలవులకు రండి. వాగు ఎండినట్టే ఉంటుంది గానీ, ఇసుకలో మూరెడు లోతు చెలిమె తీస్తే నీళ్లు ఊరతాయి. మొదట బురదగా వస్తాయి. రెండు దోసిళ్లు తోడిపోసి ఆగితే తేటవుతాయి, అప్పుడు తాగుదాం.

మీ తాత