గ్లైకోజెన్‌ మీద పట్టు తప్పితే: లఫోరా జబ్బు వెనక కథ

లఫోరా అరుదైన జన్యు జబ్బు. అది ఉన్నవాళ్లలో, అప్పటిదాకా బాగా చదువుకుంటున్న పిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు మూర్ఛ మొదలవుతుంది. చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడి గ్లాసు జారిపోతుంది. కొందరికి కాసేపు చూపు కూడా పోతుంది. క్రమంగా మతి, నడక దెబ్బతిని సుమారు పదేళ్లలో ప్రాణం పోతుంది. 1911లో స్పెయిన్ వైద్యుడు గొంసాలో లఫోరా ఇలాంటి రోగి మెదడు కణాల్లో గుండ్రటి ముద్దలు చూశాడు. అవి గ్లూకోజ్ గొలుసులేనని తర్వాతెప్పుడో తేలింది.

గ్లైకోజెన్ అంటే ఒంట్లో గ్లూకోజ్‌ను నిల్వ చేసుకునే రూపం. మామూలు గ్లైకోజెన్ రేణువులో 55,000 దాకా గ్లూకోజ్‌లు పడతాయి. ఒక్కో గొలుసు సగటున 13 గ్లూకోజ్‌ల పొడవే, కొమ్మలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే అది నీళ్లలో కరుగుతుంది. గొలుసులు పొడవు పెరిగితే పురితాడులా మెలేసుకుని, నీటిని బయటకు నెట్టి గట్టిపడతాయి. లఫోరా ముద్ద అంటే అదే.

1998లో ఈ జబ్బుకు కారణమయ్యే ఈపీఎం2ఏ జన్యువు దొరికింది. దాని ప్రోటీన్ లఫోరిన్‌లో 331 అమైనో ఆమ్లాలుంటాయి. ముందు భాగం గ్లైకోజెన్‌ను పట్టుకుంటుంది, వెనక భాగం దానికి అంటుకున్న ఫాస్ఫేట్‌ను తెంపుతుంది. 2003లో రెండో జన్యువు, దాని ప్రోటీన్ మాలిన్ బయటపడ్డాయి. ఫాస్ఫేట్ పేరుకోవడమే జబ్బుకు మూలమని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని కదిలించింది ఎలుకల మీద చేసిన ప్రయోగం: ఫాస్ఫేట్ తెంపలేకపోయినా గ్లైకోజెన్‌ను పట్టుకోగల లఫోరిన్ ఉంటే ముద్దలు రాలేదు. అంటే అసలు పని పట్టుకోవడమే. మాలిన్‌కు గ్లైకోజెన్ మీద సొంత పట్టు లేదు, దాన్ని గ్లైకోజెన్ దగ్గరికి చేర్చేది లఫోరిన్. లఫోరిన్‌లో 32వ స్థానంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లైసీన్ వచ్చిందా, ఆ పట్టు పోతుంది. ఆ ఒక్క మార్పుతోనే జబ్బు వచ్చిన రోగులున్నారు.

పీటీజీ అనే మరో ప్రోటీన్ కూడా గ్లైకోజెన్‌ను పట్టుకుంటుంది, కానీ అది తయారీని పెంచుతుంది. లఫోరిన్ లేని ఎలుకల్లో దీన్నీ తీసేస్తే ముద్దలు దాదాపు కనిపించలేదని 2011లో తేలింది. గ్లైకోజెన్ తయారీని తగ్గించే మందుల మీద ఆశ అక్కడి నుంచే బలపడింది.

నిర్ధారణకు చంక చర్మం ముక్క తీసి గ్లూకోజ్ గొలుసులకు పట్టే పీఏఎస్ అనే రంగు వేసి చూస్తారు. అక్కడి గ్రంథుల్లో మామూలుగా ఉండే రేణువులు కూడా రంగు పట్టి తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి జన్యు పరీక్షే నమ్మదగింది. మందుల్లోనూ జాగ్రత్త కావాలి: ఫెనిటాయిన్, కార్బమాజెపైన్ అనే మూర్ఛ మందులు చేతుల ఎగిరిపాటును పెంచవచ్చు, అందుకే సాధారణంగా వాల్ప్రోయేట్‌తో మొదలుపెడతారు. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో లోపపు జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ ముప్పు 25 శాతం. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన దక్షిణాదిలోనూ ఈ జబ్బున్న కుటుంబాలు ఉన్నాయి. ఒక బిడ్డకు తేలితే తోబుట్టువుల గురించి కూడా జన్యు సలహా నిపుణులతో అప్పుడే మాట్లాడాలి.