‘డెత్’ బ్యాండు: మనుషులు మారేకొద్దీ పదునెక్కిన సంగీతం

డెత్ మెటల్ అనే రాక్ సంగీత శాఖ అంటే బొంగురు అరుపులు, ఊపిరాడనివ్వని వేగం అంతే కదా అనుకునేవాళ్లున్నారు. అందులోకి బేసి లెక్క తాళాలూ జాజ్ పోకడల డ్రమ్సూ రావడం వెనక ప్రధానంగా కనిపించేది చక్ షుల్డినర్ (1967–2001). అమెరికాలోని ఫ్లోరిడాలో పెరిగాడు. 1983లో మాంటాస్ అనే బ్యాండు పెట్టాడు. మరుసటేడు దాని పేరు డెత్‌గా మారింది.

1987లో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘స్క్రీమ్ బ్లడీ గోర్’లో గిటారు, బేసు, గొంతు మూడూ అతనివే. డ్రమ్స్ ఒక్కటే క్రిస్ రైఫర్ట్‌ది. పాటల సరుకంతా రక్తం కారే హారర్ సినిమాల బాపతు.

అసలు మలుపు 1990లో. యూరప్ టూర్‌కి రానని చక్ చివరి నిమిషంలో ఆగిపోతే, మిగతా సభ్యులు వేరేవాళ్లని జతచేసుకుని అదే పేరుతో వెళ్లి వాయించారు. దాంతో శాశ్వత సభ్యులన్న మాటే వదిలేసి, ఆల్బమ్‌కి తగ్గ వాద్యగాళ్లని పిలుచుకోవడం మొదలుపెట్టాడు. నా లెక్కలో అతని ఎదుగుదలకి ఈ గొడవే ఎక్కువ మేలు చేసింది. 1991లో ‘హ్యూమన్’కి సినిక్ బ్యాండు నుంచి గిటారుకి పాల్ మాస్విడాల్, డ్రమ్స్‌కి షాన్ రైనర్ట్ వచ్చారు, జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన సంగీతం) వాళ్ల వెంటే వచ్చింది. మిశ్రచాపు, ఖండచాపు తెలిసిన చెవికి బేసి లెక్క కొత్త కాదు గానీ, అప్పటి మెటల్ శ్రోతకి కొత్తే. 1993 ఆల్బమ్‌లో స్టీవ్ డిజోర్జియో ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు, అంటే మెడ మీది మెట్లు, లేని) బేసు, జీన్ హోగ్లాన్ డ్రమ్స్.

చక్ సరంజామా మాత్రం చాలా తక్కువ. బీసీ రిచ్ స్టెల్త్ గిటారు, తీగలు కింద ఆనే బ్రిడ్జి దగ్గర డిమార్జియో ఎక్స్2ఎన్ పికప్ (తీగ కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేది). ట్యూనింగ్ రెండు ఫ్రెట్లు కిందకి: డి, జి, సి, ఎఫ్, ఎ, డి. ఇంకా దించితే వేగంగా వాయించేటప్పుడు లావు తీగల మోత కలగాపులగమవుతుంది. ఈ ట్యూనింగ్‌లోనూ 10–46 తీగల సెట్ (అంకెలు సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) కాస్త వదులుగా అనిపిస్తుంది. 11–49 వేస్తే బిగువు తిరిగొస్తుంది. తీగలు మార్చాక బ్రిడ్జి శాడిళ్లు (తీగలు ఆనే చిన్న దిమ్మలు) సర్ది ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లో శ్రుతి కుదరడం) చూసుకోకపోతే పై ఫ్రెట్లలో స్వరం తప్పుతుంది. ఇంకో చిక్కు: గెయిన్ (ఆంప్‌లో మోతని చీల్చే డిస్టార్షన్ మోతాదు) బాగా పెంచి ఒకే గిటారుపై రెండు స్వరాలు కలిపి మీటితే, డిస్టార్షన్ వాటి మధ్య లేని స్వరాలు పుట్టించి బురద చేస్తుంది. అందుకే డెత్ హార్మనీలు వాయించాలంటే ఒక్కో వరస ఒక్కో గిటారుకి పంచుకోవాలి.

1998లో డెత్ ఏడో ఆల్బమ్, ఆ వెంటనే 1999లో కంట్రోల్ డినైడ్ అనే వేరే బ్యాండు పేరుతో మరోటి. అందులో గొంతు తనది కాదు. టిమ్ ఐమర్ చేత శుద్ధమైన హెవీ మెటల్ గొంతుతో పాడించాడు. ఆ ఏడాదే మెదడులో కణితి బయటపడింది. 2001 డిసెంబర్ 13న, 34 ఏళ్లకి పోయాడు.

కొత్తగా వినేవాళ్లు ‘హ్యూమన్’తో మొదలుపెట్టొచ్చు, కాకపోతే 2011 రీమిక్స్ వినండి. అందులోనూ బేసు డిజోర్జియోదే, పాత మిక్స్‌లో అది గిటార్ల కింద పడి దాదాపు వినపడదు.