మనిషిని చూడకుండా ఇచ్చిన తీర్పు

సద్దుల బతుకమ్మ నాడు దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో ముప్పై ఆరేళ్ల ఆమె గంటసేపు బతుకమ్మ ఆడింది. మర్నాడు పొద్దున మామూలుగానే లేచింది. మాపటికి ఒళ్లు బరువెక్కింది. మూడో రోజు బాత్రూంకు పోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. వెలుతురు చూస్తే కళ్లు గుంజుతున్నాయని తలుపు దగ్గరకు వేయించుకుంది. నాలుగు రోజులు అదే తీరు. పండక్కొచ్చిన ఆడబిడ్డ మాత్రం ఆట చూసింది, తర్వాతి పడక చూసింది, రెండూ కలిపి ఒక్క మాట అన్నది: "ఆటకు పానం వస్తది గని వంటకు రాదా వదినె?"

ఆమెకు ఇది 2021లో కరోనా తగ్గిన తర్వాత మొదలైంది. సీబీపీ, థైరాయిడ్, షుగర్, బీ12, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చేయించారు. అన్నీ నార్మల్. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. పట్నంలో పెద్ద డాక్టర్ చీటీ మీద రాసింది రెండు ముక్కలు: టెన్షన్ తగ్గించుకోవాలి, రోజూ నలభై నిమిషాలు నడవాలి. ఆ నడక ఆమెను మంచానికి ఇంకా దగ్గర చేసింది.

దీని పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, లేదా ఎంఈ (మయాల్జిక్ ఎన్‌కెఫలోమైలైటిస్). ఇది ఒంటి జబ్బా, మనసు జబ్బా అన్న వాదన 2025 ఆగస్టులో మళ్లీ రాజుకుంది. ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్లు ముందుండి నడిపిన డీకోడ్‌ఎంఈ అనే అధ్యయనం 15,579 మంది పేషెంట్ల డీఎన్‌ఏను జబ్బు లేనివాళ్ల డీఎన్‌ఏతో పోల్చింది. జన్యువుల్లో ఎనిమిది చోట్ల తేడా కనబడింది. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికి, కొన్ని నరాల వ్యవస్థకు సంబంధించినవి. రక్తపరీక్షతో తేల్చేంత ఆధారం ఇంకా కాదు. ఎవరి డీఎన్‌ఏను విశ్లేషించారో వాళ్లంతా ఐరోపా సంతతి వాళ్లే, మన దిక్కు మనుషులు అందులో లేరు. అయినా "ఇది మనసులో పుట్టిన రోగం" అనే పాత మాటకు ఇది గట్టి దెబ్బ. మరి ఆ పాత మాట ఎక్కడ పుట్టింది?

నా లెక్కలో అసలు మలుపు 1970.

దానికి పదిహేనేళ్ల ముందు, 1955 జులైలో, లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్లో ఒక జబ్బు పాకింది. సిబ్బందిలో 292 మందికి సోకింది, వాళ్లలో 255 మందిని బెడ్ ఎక్కించాల్సి వచ్చింది. ఆస్పత్రినే కొన్ని వారాలు మూసేశారు. అక్కడి డాక్టర్ మెల్విన్ రామ్సే ఆ పేషెంట్లను దగ్గరుండి చూశాడు. కండరాలు చిన్న పనికే అలిసిపోవడం, మళ్లీ సత్తువ రావడానికి రోజులు పట్టడం ఆయన రాసి పెట్టాడు. బతుకమ్మ తర్వాతి నాలుగు రోజులు ఆయన రాతల్లో అప్పుడే ఉన్నాయి.

1970 జనవరిలో మెక్ఈవెడీ, బియర్డ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రెండు వ్యాసాలు రాశారు. రాయల్ ఫ్రీ పాత కేసు షీట్లు తిరగేసి ఇదంతా సామూహిక హిస్టీరియా, అంటే మనసులోని కలత ఒకరి నుంచి ఒకరికి పాకడం, అని తేల్చారు. జబ్బుపడిన వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, జ్వరం చూస్తే తక్కువ, బాధ చూస్తే ఎక్కువ: వాళ్ల ఆధారాల్లో ముఖ్యమైనవి ఇవి. ఆ నర్సుల్లో ఒక్కరినీ పిలిచి మాట్లాడలేదు, నాడి పట్టి చూడలేదు. రామ్సే చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ కొత్తగా డాక్టరీ చదివేవాళ్ల పాఠంలోకి ఎక్కింది హిస్టీరియానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నరాల జబ్బుల జాబితాలో పెట్టిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

1988లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (తీరని అలసట జబ్బు) అనే పేరు ఇంకో దెబ్బ. జబ్బు పేరులోనే అలసట వచ్చి కూర్చుంది. పొద్దంతా పత్తి ఏరిన కూలీకి అలసట ఉండదా? నాట్లేసిన ఆడోళ్లకు ఉండదా? మన దగ్గర ఈ పేరును తెలుగులో చెప్పగానే ఎదుటివాళ్లు నవ్వేది అందుకే. నీరసం, సుస్తు అనే మాటలూ సరిపోవు. "సత్తువ అప్పు తెచ్చుకున్నట్టుంటది, వడ్డీ మూడోనాడు కట్టాలె" అని ఆమె చెప్పిన మాట నేను విన్న వర్ణనల్లో అన్నిటికన్నా దగ్గరిది. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కూడా ఈ వడ్డీనే జబ్బుకు ముఖ్య లక్షణంగా పెట్టింది. దానితోపాటు ఆరు నెలలకు మించిన సత్తువలేమి, పడుకున్నా తీరని నిద్ర ఉండాలి. వీటికి తోడు మతిమరుపులాంటి మెదడు మందగింపు గానీ, నిలబడితే పెరిగే బాధ గానీ ఉండాలి.

ఇక నడక సంగతి. 1970 నాటి ఆలోచనకు వారసత్వంగా వచ్చిన లెక్క ఇది: రోగి భయపడి కదలడం మానేసింది, కదిలిస్తే బాగవుతుంది. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పేస్ ట్రయల్ అనే బ్రిటన్ అధ్యయనం వచ్చింది. 641 మంది పేషెంట్లు. మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, కౌన్సెలింగ్ మేలు చేస్తాయని చెప్పింది. దానికి డబ్బు పెట్టిన వాళ్లలో బ్రిటన్‌లో పింఛన్లు చూసే శాఖ కూడా ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కిటుకు కొలతలో ఉంది. ఒళ్లు ఎంత పని చేయగలదో అడిగే ప్రశ్నల్లో వందకు 65 మార్కులో అంతకన్నా తక్కువో వస్తేనే జబ్బు మనిషిగా ట్రయల్లోకి తీసుకున్నారు. కోలుకున్నట్టు లెక్కించడానికి మొదట 85 రావాలన్నారు. మధ్యలో దాన్ని 60కి దించారు. అంటే ఆ కొలతలో లోపలికి వచ్చిన నాడే కొందరు కోలుకున్నట్టు. ఆస్ట్రేలియాలోని ఒక పేషెంట్ సమాచార హక్కు కింద అసలు లెక్కలు అడిగాడు. ట్రయల్ నడిపిన యూనివర్సిటీ ఇవ్వనంది. 2016లో ట్రిబ్యునల్ ఇవ్వాల్సిందే అంది. మొదట అనుకున్న కొలతతో మళ్లీ చూస్తే, 22 శాతం మంది కోలుకున్నారన్న లెక్క కౌన్సెలింగ్‌లో 7 శాతానికి, వ్యాయామంలో 4 శాతానికి పడిపోయింది. ట్రయల్ చేసినవాళ్లు తమ ఫలితాల మీదే నిలబడ్డారు. కానీ 2021 అక్టోబరులో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, 2007లో తానే సిఫారసు చేసిన ఆ వ్యాయామ పద్ధతిని వద్దని తీసేసింది.

ఆ మాట పట్నంలో చీటీ రాసిన డాక్టర్ దాకా రాలేదు. ఆయన్ను ఒక్కణ్నే అని లాభం లేదు. ఓపీలో వందమంది క్యూలో ఉంటారు. రక్తహీనత, థైరాయిడ్, టీబీ, షుగర్ ముందు చూడాలి, అది సరైన పనే. గోవాలో 2,494 మంది ఆడవాళ్లను అడిగి 2005లో అచ్చయిన అధ్యయనంలో 12.1 శాతం మంది ఆరు నెలలకు మించి నీరసం ఉందన్నారు. దానికి రక్తహీనతకన్నా పేదరికంతో, ఇంటి బాధలతో ఎక్కువ లంకె కనబడింది. ఇదంతా టెన్షనే అనడానికి డాక్టర్లు ఈ అధ్యయనాన్ని చూపిస్తారు. అది నీరసం గురించి, ఈ జబ్బు గురించి కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే మన ఆడవాళ్లు ఏళ్లకేళ్లు పోగొట్టుకుంటున్నారు.

నల్గొండకు ఈ సంగతి ఇంకోలా తెలిసి ఉండాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మర్రిగూడ దిక్కు మనుషుల నడుములు వంగిపోతే నీళ్లను కొలిచారు, ఎముకలను ఎక్స్‌రే తీశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని ఈ ఊరి పేరే పెట్టారు. కంటికి కనబడింది, నమ్మారు. 2006లో చికున్‌గున్యా దేశంలో పదమూడు లక్షలకు పైగా అనుమానిత కేసులు చూపించినప్పుడు మన ఊళ్లలోనూ ఇల్లు ఇల్లంతా మంచం పట్టింది. జ్వరం పోయినా ఏళ్ల తరబడి లేవలేని వాళ్లను మాత్రం "పని దొంగ" అన్నారు. వాళ్లలో ఎందరికి ఇదే జబ్బో ఎవరూ లెక్క తీయలేదు.

ఇప్పుడు లొల్లి పింఛను దగ్గరికి వచ్చింది. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలున్నాయి. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి, దీని పేరు లేదు. నలభై శాతం వైకల్యం రాస్తేనే పింఛను. సదరం క్యాంపుకు పోయిన రోజు ఆమె నాలుగు అడుగులు నడిచింది, చెయ్యి పైకి లేపమంటే లేపింది. సున్నా రాశారు. ఆ క్యాంపుకు పోయి వచ్చిన తర్వాత ఎన్ని రోజులు లేవలేదో రాసే గడి ఆ కాగితంలో లేదు.

ఆమె ఇప్పుడు స్టూలు మీద కూర్చుని బోళ్లు తోముతుంది, సగం పొద్దున, సగం మాపటికి. గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెడుతోంది: పని చేసిన రోజు నిలువు గీత, పడుకున్న రోజు అడ్డ గీత. వచ్చే క్యాంపుకు ఆ క్యాలెండర్ తీసుకుపోతానంటోంది.