గుడ్ల లెక్క, తల్లి లెక్క

ఫిబ్రవరిలో తెల్లవారకముందే విశాఖ తీరానికి వెళితే, నడకకు వచ్చేవాళ్ల అడుగులు పడకముందు ఇసుకలో ఒక గుర్తు కనిపించవచ్చు. నీటి అంచు నుంచి పైకి, మళ్లీ కిందికి, బొమ్మ ట్రాక్టరు నడిచినట్టు రెండు చాళ్లు. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి వెళ్లిందన్నమాట. వెనక కాళ్లతో గొయ్యి తీసి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇక వాటి ముఖం చూడదు. ఆ గుడ్డుకు కోడిగుడ్డు పెంకు ఉండదు. తోలులా మెత్తగా ఉండి, నొక్కితే సొట్ట పడుతుంది. కుక్కల పాలు కాకుండా అటవీశాఖ సిబ్బంది వాటిని కంచె వేసిన చోట తిరిగి పాతిపెడతారు.

సంతానం విషయంలో ప్రకృతిలో రెండు దారులున్నాయని 1967లో జీవశాస్త్రవేత్తలు మెకార్థర్, విల్సన్ చెప్పారు. చేపల రేవులో బుట్టలకొద్దీ దిగే కవళ్లు వేల గుడ్లు వదిలి చేతులు దులుపుకుంటాయి. మన్యంలో పొలాల మీద పడే ఏనుగు దాదాపు 22 నెలలు మోసి ఒక్క పిల్లను కని, ఏళ్ల తరబడి వెంట తిప్పుకుంటుంది. మొదటి దారికి ‘ఆర్’ అని, రెండో దారికి ‘కె’ అని పేర్లు. వేగంగా పెరగడం ఒకటి, నిండిన చోట నెగ్గుకురావడం మరొకటి.

చక్కని విభజనే. తాబేలు మాత్రం ఇందులో ఇమడదు. గుడ్లు చూస్తే కవళ్ల బాపతు. ఆయుష్షు చూస్తే ఏనుగు బాపతు. ఈడుకు రావడానికే పదేళ్లకు పైగా పడుతుంది.

మరి దేన్ని కాపాడాలి? అమెరికా తీరంలోని లాగర్‌హెడ్ తాబేళ్ల మీద 1987లో క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టారు. గుడ్లన్నిటినీ కాపాడినా సంఖ్య తగ్గుదల ఆగదని తేలింది. ఈడుకు దగ్గరపడ్డ తాబేళ్ల చావులు తగ్గితేనే ఫలితం. గుడ్డు పోతే వందలో ఒకటి పోయినట్టు. పెద్దది పోతే అది ముందుముందు పెట్టబోయే గుడ్లన్నీ పోయినట్టు.

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మరపడవ లాగే వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. వలలో ఊచల చట్రం, పక్కన తప్పుకునే దారి పెడితే చేపలు లోపలికి పోతాయి, తాబేలు బయటపడుతుంది. చేపల వేట నిషేధం ఆదుకుంటుందా అంటే, అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టినది. ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. తల్లి తాబేళ్లు ఒడ్డుకు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి వరకు.

ఆ నెలల్లోనే ఒకరోజు చచ్చి, అలలు ఒడ్డున వదిలిన పెద్ద తాబేలును చూశాను. బూడిదరంగు డిప్ప మీద ఒక్క దెబ్బ గీత కూడా లేదు.