వాన కాదు, నిలిచిన నీరే శత్రువు: ఆరుబయటి కుర్చీలు, బల్లలపై అపోహలు - వాస్తవాలు

ఆరుబయట వేసే కుర్చీలు, బల్లలు చేయడం, పాడైనవాటిని బాగుచేయడం నా వృత్తి. మరమ్మతుకు వచ్చిన ప్రతిదాన్నీ ముందు తలకిందులు చేసి చూస్తాను. మీద పడిన వానకు పాడైనవి తక్కువ. ఆ నీరు పోయే దారి లేక పాడైనవే ఎక్కువ.

అపోహ: టేకు బూడిద రంగుకు తిరిగితే చివికిపోతున్నట్టే.

వాస్తవం: ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలో నారలను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. అందువల్ల వచ్చే రంగు అది. లోపలికి దిగదు. పారేద్దామనుకున్న బల్ల ఒకటి నా దగ్గరికి వచ్చింది. మూలన చిత్రిక పట్టగానే బూడిద రంగు పొర సన్నగా చుట్టుకుని లేచింది. దాని కింద తేనెరంగు చెక్క, వేలికి తగిలే కాస్త జిడ్డు, ఆ టేకు వాసన. ఆ జిడ్డులోనే దాని బలమంతా ఉంది. టేకు చేవలో, అంటే మాను లోపలి ముదురు చెక్కలో, సహజంగా నూనెలు ఉంటాయి కాబట్టి శిలీంధ్రాలూ చెదలూ తేలిగ్గా చేరవు. బెరడును ఆనుకుని ఉండే లేతరంగు చెక్కకు ఆ గుణం లేదు. అందుకే టేకు అన్న పేరు విని సరిపెట్టుకోకండి, కాళ్లలోనూ అడుగు పట్టీలలోనూ లేతరంగు చారలు ఉన్నాయేమో వెతకండి.

ఏటా నూనె పట్టించాలంటారు. రంగు నచ్చితే పట్టించండి. మన్నిక కోసమైతే అవసరం లేదు, పైగా తేమ ఎక్కువగా ఉన్నచోట నూనె మీద నల్లని బూజు పడుతుంది. ఆ శ్రద్ధ కాళ్ల అడుగుల మీద పెట్టండి. అడ్డంగా కోసిన చివర నుంచి చెక్క నీటిని మిగతా వైపులకంటే చాలా త్వరగా లాగేస్తుంది, వత్తి నూనెను లాగినట్టు. ఆ చివరకు ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూసి, కింద ప్లాస్టిక్ బిళ్ల బిగించండి. చెక్కలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే దాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రం పెరగలేదు.

అపోహ: మంచి రంగు వేసిన ఇనుముకు తుప్పు పట్టదు.

వాస్తవం: గొట్టాలతో చేసిన కుర్చీకి చాలాసార్లు తుప్పు లోపలే మొదలవుతుంది. రంగు మెరుస్తున్న కుర్చీనొకదాన్ని తిరగేస్తే కాలిలోంచి గోధుమరంగు నీళ్లు కారాయి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో నొక్కితే మొన లోపలికి దిగిపోయింది. వెల్డింగ్‌లో సూదిమొనంత సందు చాలు నీరు చేరడానికి. బయటికి పోవడానికే దారి లేదు. గడ్డకట్టే చలి ఉన్నచోట ఇంకా ప్రమాదం, నీరు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బి గొట్టాన్నే చీల్చగలదు. కొనేముందు గొట్టం అడుగున నీరు కారిపోయే రంధ్రం ఉందో లేదో వేలితో తడిమి చూడండి. రంగు కింద జింకు పూత ఉంటే మరీ మంచిది. గీత పడినా జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది.

అపోహ: అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు అయితే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: అల్యూమినియానికి తుప్పు పట్టని మాట నిజం. కానీ దానికి స్టీలు మరలు బిగించి, ఉప్పుగాలి తగిలేచోట ఉంచితే, మర చుట్టూ ఉన్న అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి. స్టెయిన్‌లెస్ స్టీలులో సముద్రతీరానికి 316 రకం అడగండి. అందులోని 2-3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉప్పును తట్టుకుంటుంది. 304 రకం స్టీలు మీద అక్కడ గోధుమరంగు మచ్చలు తేలుతాయి. అయస్కాంతం పెట్టి ఈ రెండింటినీ వేరుచేయలేరు.

అపోహ: ప్లాస్టిక్‌ను వాతావరణం ఏమీ చేయలేదు.

వాస్తవం: నీరు చేయదు, ఎండ చేస్తుంది. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పదార్థం కలపని ప్లాస్టిక్ సుద్దలా పొడి రాలుతూ పెళుసెక్కి, ఒకరోజు బరువు మోపగానే విరుగుతుంది.

అపోహ: వర్షాలు తగ్గేదాకా షీటు కప్పి ఉంచితే భద్రం.

వాస్తవం: గాలి ఆడని షీటు కింద నేలలోని తేమ పైకి లేచి, షీటుకు తగిలి, చుక్కలుగా మళ్లీ చెక్క మీదే పడుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి, నేలకు జానెడు ఎత్తున ఆపండి. మెత్తలను మాత్రం లోపలికి తెచ్చేయండి, కుర్చీలను ముందుకు వంచి గోడకు ఆనించి ఉంచండి, సీటు మీద నీరు ఆగకుండా.