పార్లమెంటు పేరులో ‘థింగ్’ ఎందుకుంది?

డెన్మార్క్ పార్లమెంటు పేరు ఫోల్కెటింగ్. నార్వేది స్టూర్టింగ్, ఐస్‌లాండ్‌ది ఆల్థింగి. ఈ పేర్ల చివర్లో ఉన్న ‘టింగ్’, ‘థింగ్’ కొత్త మాటేమీ కాదు. వస్తువు అనే అర్థంలో మనం రోజూ వాడే ఇంగ్లీషు ‘థింగ్’కు స్వయానా తోబుట్టువు. చట్టసభకు వస్తువని పేరు పెట్టారేమిటి అనిపిస్తుంది గానీ, అసలు ముందున్నది సభ అనే అర్థమే. వస్తువు తర్వాత వచ్చి చేరింది.

ఇంగ్లీషువాళ్లు ఈ మాటను స్కాండినేవియా నుంచి దండెత్తి వచ్చిన వైకింగుల దగ్గర అరువు తెచ్చుకున్నారనుకుంటే పొరపాటే. వైకింగులు ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడింది 793లో. అంతకు వందేళ్లకు పైగా ముందే, ఇంగ్లండ్ ఆగ్నేయాన ఉన్న కెంట్ రాజులు హ్లోథేర్, ఈడ్రిక్‌ల చట్టాల్లో ఫిర్యాదులు విచారించే సభకు ఈ పేరు కనిపిస్తుంది. అంటే ఇది ఇంగ్లీషు, జర్మన్, డేనిష్ వంటి జర్మానిక్ కుటుంబ భాషల ఉమ్మడి ఆస్తి. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ వెంబడి ఉన్న హౌస్‌స్టెడ్స్ కోటలో, రోమన్ సైన్యంలో పనిచేసిన జర్మానిక్ జవాన్లు ‘మార్స్ థింక్సస్’ అనే దేవుడికి చెక్కించిన బలిపీఠం దొరికింది. ఆయన సభకు అధిదేవత అని చాలామంది పండితుల మాట.

మరి సభ వస్తువెలా అయింది? సభలో తేల్చాల్సిన తగాదాను కూడా థింగ్ అన్నారు. తగాదా పోయి ఏ విషయమైనా థింగ్ అయింది. చివరికి చేతికందే ప్రతిదీ అయింది. లాటిన్‌లో వ్యాజ్యం అనే అర్థమున్న ‘కౌసా’ నుంచే ఫ్రెంచి ‘షోజ్’, ఇటాలియన్ ‘కోజా’ వచ్చాయి, రెండూ వస్తువులే. మన ‘వ్యవహారం’ కూడా ఇలాంటిదే. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం అంటే వ్యాజ్యాల భాగం. ఇప్పుడు ‘ఆ వ్యవహారం నాకెందుకు’ అంటే అందులో కోర్టు ఉండక్కర్లేదు.

పాత అర్థం బాగా నిలబడింది ఐస్‌లాండ్‌లో. 930 ప్రాంతంలో థింగ్‌వెల్లిర్ అనే మైదానంలో ఆల్థింగి మొదలైంది. ఏటా వేసవిలో జనం గుర్రాల మీద వచ్చి రెండు వారాలు గుడారాలేసుకుని ఉండేవారు. చట్టాలు అప్పటికి రాతలో లేవు. ‘లా స్పీకర్’ అనే పెద్దమనిషి శిల మీద నిలబడి, చట్టాలను ఏడాదికి మూడో వంతు చొప్పున కంఠతా చెప్పాలి. క్రైస్తవంలోకి మారాలా వద్దా అని 1000 ప్రాంతంలో సభ రెండుగా చీలి, కొట్టుకునే పరిస్థితి వచ్చింది. తీర్పు అప్పటి లా స్పీకర్ థోర్గేర్‌కు వదిలేశారు. ఆయన పాత మతస్థుడే. ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని, లేచి, అందరూ క్రైస్తవం తీసుకోవాలని, ఇళ్లలో గుట్టుగా పాత పూజలు చేసుకోవచ్చని చెప్పాడట. రాజీ అంటే అదీ! ఆల్థింగిని 1800లో రద్దు చేసి, 1845లో రేక్యావిక్‌లో మళ్లీ తెరిచారు.

డేనిష్‌లో రెండు అర్థాలూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. తేడా మాటకున్న వ్యాకరణ లింగంలో ఉంది. ‘ఎన్ టింగ్’ అంటే వస్తువు, ‘ఎట్ టింగ్’ అంటే సభ.

ఇంగ్లీషులో మాత్రం సభ అర్థం నిలవలేదు. పాత ఇంగ్లీషులోనే సభకు ‘గెమోట్’ అన్న మాట ఎక్కువ వాడుకలో ఉండేది. ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి నుంచి ‘పార్లమెంట్’ అనే మాట దిగింది. మిగిలిన ఆనవాళ్లు నార్స్ వాళ్లు, అంటే వైకింగుల జాతివాళ్లు, స్థిరపడ్డ చోట్లే: లివర్‌పూల్ పక్కన థింగ్‌వాల్, స్కాట్లండ్‌లో డింగ్‌వాల్, ఐల్ ఆఫ్ మ్యాన్ చట్టసభ టిన్‌వాల్డ్. మూడూ ‘సభ జరిగే మైదానం’ అనే ఒకే మాటకు రూపాలు.

ఇంకొకటి ‘హస్టింగ్స్’. నార్స్‌లో ‘హూస్‌థింగ్’ అంటే రాజో నాయకుడో తన ఇంటి మనుషులతో పెట్టుకునే సభ. లండన్‌లో అది ఒక కోర్టు పేరైంది. తర్వాత అభ్యర్థులు నామినేషన్ వేళ నిలబడి మాట్లాడే వేదిక పేరైంది. 1872లో బ్రిటన్‌లో రహస్య బ్యాలెట్ చట్టం రావడంతో ఆ వేదిక పోయింది, మాట పోలేదు. ఎన్నికలొస్తే మన ఇంగ్లీషు పత్రికలు ప్రచారాన్ని ‘హస్టింగ్స్’ అనే రాస్తాయి.