రాతికోటల్లో అంతర్యుద్ధపు ఆనవాళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిరంగులు వచ్చాక మధ్యయుగపు కోటలు ఎందుకూ కొరగాకుండా పోయాయి.

వాస్తవం: 1642లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య యుద్ధం మొదలయ్యాక, ఎన్నో పాత కోటల్లోకి సైన్యాలు మళ్లీ చేరాయి. బర్క్‌షైర్‌లోని డోనింగ్టన్ కోటను 1643లో రాజపక్షం ఆక్రమించింది. దళపతి సర్ జాన్ బాయ్స్ పదునాలుగో శతాబ్దపు గోడలనే నమ్ముకుని కూర్చోకుండా, వాటి చుట్టూ నక్షత్రాకారంలో మట్టికట్టలు పోయించాడు. ఎత్తయిన రాతిగోడ ఫిరంగి గుండుకు పగిలి కూలుతుంది; వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉన్న మట్టికట్ట అదే గుండును తనలో ఇముడ్చుకుంటుంది. పైగా, ముందుకు పొడుచుకువచ్చిన కోణాల్లో నిలబడిన సైనికులు పక్క కట్ట మొదట్లోకి చేరిన శత్రువును సూటిగా కాల్చగలరు. గుండ్రటి బురుజు ముందు మాత్రం కాల్పులకు అందని చోటు కొంత మిగిలిపోతుంది. ఫిరంగుల ధాటికి గోడలు దెబ్బతిన్నా డోనింగ్టన్ 1646 ఏప్రిల్ దాకా లొంగలేదు. సందర్శకులు ముఖద్వారపు జంట బురుజులను ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటారు గానీ, అక్కడి అసలు యుద్ధసాక్ష్యం వాళ్లు తొక్కుకుంటూ నడిచిన గడ్డి దిబ్బలే.

అపోహ: శిథిలాలన్నీ ముట్టడిలో ఫిరంగులు చేసినవే.

వాస్తవం: పెద్ద విధ్వంసం చాలాచోట్ల కోట లొంగిన తరువాత, తిరిగి ఎవరికీ పనికిరాకూడదన్న ఉద్దేశంతో జరిగింది. డార్సెట్‌లోని కార్ఫ్ కోట 1646లో ద్రోహం వల్ల పార్లమెంటు పక్షానికి చేజిక్కింది. ఆ పైన గోడల కింద గోతులు తవ్వి, మందుగుండు కూరి పేల్చారు. యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్ కోటను 1649లో కూల్చమని అడిగినవారిలో మూడు ముట్టడులతో విసిగిన ఆ ఊరి ప్రజలే ఉన్నారు. ఇదంతా పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ ఒక్కడి పనిగా చెప్పడం గైడ్లకు అలవాటు. పురావస్తు తవ్వకంలో మేము చూసేది పొరల వరుస: కూల్చివేత రాళ్లు ముట్టడి కాలపు చెత్తకు పైన పడి ఉంటే, ఆ కూలడం చెత్త పేరుకున్న తరువాతి సంగతే.

అపోహ: సీసపు గుండు దొరికితే అక్కడ పోరు జరిగినట్లే.

వాస్తవం: అచ్చులో పోసినప్పటి తోక ఇంకా అంటుకుని ఉన్న గుండు పేల్చనిది, దాని పక్కన సీసపు తునకలు కూడా ఉంటే అది గుండ్లు పోసుకున్న చోటు కావచ్చు. గోడకు తగిలిన గుండు నలిగి చదునవుతుంది. వేటగాళ్లూ అలాంటి గుండ్లే వాడారు కాబట్టి, అదే పొరలో దొరికే, పొగాకు పీల్చే మట్టి గొట్టాలనూ చూస్తాము. పొగాకు చవకయ్యేకొద్దీ వాటిలో దాన్ని కూరే గిన్నె పెద్దదవుతూ వచ్చింది, కాలనిర్ణయానికి అది బాగా అక్కరకొస్తుంది.